ఎర్ర మూత, నీలం మూత

చిరంజీవి రెట్టల డాక్టరమ్మకి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, అదే చేత్తో దీవించి తాత రాసేది ఏమంటే,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మమ్మ బాగుంది, ఆవిడ నోరు ఇంకా బాగుంది. నా ఎడమ మోకాలు బాగుంది. కుడిది మాత్రం అలిగిన అల్లుడిలా రెండడుగులు వేసి ఆగిపోతోంది. ఈ మాట మీ నాన్నకు చెప్పకు, తననే అన్నాననుకుంటాడు. షెడ్డులో నలభై కోళ్ళూ బాగున్నాయి. ఎదురింటి మా వియ్యంకులు, మీ కత్తెర తాతయ్య కూడా ఒంట్లో బాగానే ఉన్నారు గానీ, నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. తప్పు నాదే. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

రేపు పొద్దున మీ ప్రయోగశాల బండి వస్తుందన్నావు కదా, నా కోళ్ళలోంచి మూడింటిని పట్టుకుపోవడానికి. ఈ ఉత్తరం ఆ డ్రైవరు చేతికే ఇస్తాను. కోళ్ళను దింపకముందే దీన్ని చదువు. అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ ఆ పిల్లల నోట్లో ఒక్క చుక్క కూడా వెయ్యకముందే చదువు.

ఫోన్ చెయ్యొచ్చు కదా తాతా అంటావు. మూడుసార్లు చేశాను. మొదటిసారి ఎత్తగానే నువ్వు, "తాతా, మా మేడం నీ ఫొటో అడిగారు, గోడకి పెడతారట" అన్నావు. మీ దగ్గర వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. రెండోసారి కూడా వానల గురించే అడిగాను. మూడోసారి నువ్వే ఎత్తుతూనే, "పడట్లేదు తాతా" అన్నావు. ఇంక అడగడానికి ఏం మిగిలింది? అందుకే కాగితం పట్టుకున్నాను. ఐదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, ఒక్కసారి చదివినవాళ్ళకంటే రెండింతలు రాయగలను.

నీ పోయిన ఉత్తరం పదకొండుసార్లు చదివాను. చివరి నాలుగుసార్లు కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు, అప్పటికి నోటికి వచ్చేసింది. "ఎర్ర మూత సీసాల్లో పెద్ద పట్నమే ఉంది తాతా. ఎన్ని రకాల బాక్టీరియానో! తిన్నది అరిగిస్తున్నాయి, ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయి, చెడ్డవాటికి కూర్చోడానికి చోటే ఇవ్వడం లేదు. నీలం మూత సీసాలు పాపం పాడుబడ్డ వీధిలా ఉన్నాయి. మంచివి తక్కువ, విరేచనాలు తెచ్చే రకం ఎక్కువ. తాతయ్యకు చెప్పకు, బాధపడతారు. నేనొచ్చి మెల్లగా చెప్తాను" అని రాశావు. ఎర్ర మూతలు నా కోళ్ళవి, నీలం మూతలు ఆయన కోళ్ళవి. అలా గుర్తులు పెట్టి మాకు సీసాల పెట్టె పంపింది నువ్వే.

ఇంకా రాశావు. పొదిగే మిషన్లో పుట్టిన పిల్లకి తల్లి ఉండదనీ, దాని పొట్ట ఖాళీ ఇల్లు లాంటిదనీ, ముందు ఎవరు దిగితే ఇల్లు వాళ్ళదేననీ. అందుకని మూడు కోళ్ళను తీసుకెళ్ళి, కొయ్యకుండా మేపుకుంటూ, వాటి రెట్టలోంచి మంచి జనాన్ని పెంచి, రెండు వందల పిల్లలకు పుట్టిన రోజే చుక్కలుగా వేస్తామన్నావు. నాలుగేళ్ళ చదువుకి ఇదే ఆఖరి మెట్టన్నావు. ఆఖర్న, "నీ కోళ్ళనే ఎంచుకున్నాం తాతా" అన్నావు. ఆ ఒక్క ముక్క మీద వేలు పెట్టి మీ అమ్మమ్మకు చూపించాను. ఆవిడ "బానే ఉంది" అని వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

నువ్వడిగిన వాటికి ఇప్పుడు జవాబులు రాస్తున్నాను. కోడిపిల్లలు వచ్చిన మొదటిరోజు ఎక్కడుంటాయి అన్నావు. అట్టపెట్టెలో, బల్బు కింద. తల్లికోడి మొహం ఎలా ఉంటుందో వాటికి తెలియదు, వాటి మొహం ఏ తల్లికోడికీ తెలియదు. షెడ్డు ఎన్నాళ్ళకి కడుగుతావు అన్నావు. వారానికి రెండుసార్లు, బ్లీచింగ్ పొడి చల్లి, సిమెంటు గచ్చు తెల్లబడేదాకా. నా షెడ్డు చూసి పోయినవాళ్ళు ఇంటికెళ్ళి తమ వంటిల్లు కడుక్కుంటారు. మందులేమైనా వాడతావా అన్నావు. ఇదివరకు అడిగినప్పుడు లేదని రాశాను. అది అబద్ధం. తెల్లపొడి ఒకటి ఉంది, రోజు మార్చి రోజు నీళ్ళలో కలుపుతాను. రోగం వచ్చాక కాదు, రాకుండానే. నా దృష్టిలో అది మందు కాదు, బలం. డబ్బా మీద ఏముందో చదివి చెప్పమన్నావు, అక్షరాలు మరీ చిన్నవి అన్నాను. అక్షరాలు గుమ్మడికాయంత ఉన్నాయి. యాంటీబయాటిక్ అని ఉంది.

ఇక్కడికొచ్చేసరికి నువ్వు పెన్ను కొరుకుతూ ఆలోచనలో పడి ఉంటావు. ఇలా పెరిగిన కోళ్ళ కడుపులో అంత పట్నం ఎలా వెలిసిందీ అని. ఆలోచిస్తూ ఉండు. ఈలోగా నేను మా బావగారిని, మీ కత్తెర తాతయ్యనే, నాలుగు మాటలు తిట్టుకుని వస్తాను.

అసలు దర్జీ పని చేసుకునే మనిషికి పదకొండు కోళ్ళెందుకు? ఆయన మిషను తొక్కుతుంటే ఒక కోడి బల్ల మీద కూర్చుని కుట్టు వంకర పోకుండా చూస్తుంటుంది. ఇంకోటి గుడ్డపీలికల గంపలో పొదుగుతుంటుంది. గూట్లో పాత పొట్టు మీదే కొత్త పొట్టు పోస్తారు, ఏడాదికోసారి ఎత్తుతారు. పిల్లలు తల్లి వెనకాలే తిరుగుతూ అది వేసిన రెట్టలోనే గింజలు ఏరుకుంటాయి. నేను ముక్కు మూసుకుని, "ఏం బావగారూ, ఇది కోళ్ళ గూడా, చెత్త కుండీనా?" అంటాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "రెండూనండి బావగారూ" అంటారు. కోపం రాదు. కోపం రాని మనిషిని చూస్తే నాకు ఎంత కోపమో నీకు తెలుసు.

పోయిన చలికాలం నా అట్టపెట్టెలో యాభై పిల్లల్లో పందొమ్మిది విరేచనాలు పట్టి పోయాయి. ఆయన దగ్గర ఒక్కటీ పోలేదు. పోనీ ఆయనొచ్చి, "చూశారా" అన్నా బాగుండేది, నేనూ ఒక మాట అందును. పలుగు పట్టుకొచ్చి నా పక్కన నిలబడి గుంత తవ్వారు. భుజం తట్టారు. ఆ ఓదార్పు నాకు ఇప్పటికీ అరగలేదు.

ఇక మీ అమ్మమ్మ. ఇంట్లో నలభై కోళ్ళను పెట్టుకుని గిన్నె పట్టుకుని ఎదురింటికి పోతుంది. "అన్నయ్యగారి గుడ్లలో సొన పసుపు కాదండీ, నారింజ రంగు" అంటుంది. మరి నా గుడ్లలో ఏముందే అంటే, "ఉంది లెండి, అదీ సొనే" అంటుంది. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఇంత జాలిగా ఎప్పుడూ చూడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నువ్వొక ఎత్తు. మీ అమ్మ ఉద్యోగానికి పోతూ నిన్ను ఆయన దగ్గరే వదిలి వెళ్ళేది. ఆయనది కూర్చుని చేసే పని, నాది సైకిలు మీద గుడ్లు వేసుకుని వీధులు తిరిగే పని, ఎవరి తప్పూ లేదు. నాలుగేళ్ళ దానివి, మిషను కింద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో కోడిపిల్లల్ని పెట్టుకుని కూర్చునేదానివి. సాయంత్రం నేనొచ్చి గుమ్మంలో చేతులు చాపితే, "ఉష్, ఇప్పుడు కాదు తాతా, ఇవి పడుకున్నాయి" అనేదానివి. చాపిన చేతులు అలాగే పట్టుకుని ఎంతసేపు నిలబడేవాణ్ణో నీకు తెలియదు. బావగారికి తెలుసు. ఆయన మిషను ఆపి, "కూర్చోండి బావగారూ" అని స్టూలు జరిపేవారు. నా మనవరాల్ని చూడటానికి ఆయన నాకు స్టూలు వెయ్యాలి! నువ్వు కోళ్ళ చదువు చదువుతానన్న రోజున అందరూ, "అచ్చం తాత పోలికే" అన్నారు. ఏ తాతో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

సరే, తిట్టడం అయింది. ఇంక దాచి లాభం లేదు.

నీ సీసాల పెట్టె వచ్చిన రోజు గుర్తుందా? మామూలు రెట్ట పనికిరాదు, అప్పుడప్పుడూ వేసే ఆ గోధుమరంగు జిగురు రెట్టే కావాలన్నావు. ఇద్దరు ముసలాళ్ళం చెరో చెంచా పట్టుకుని పొద్దుటి నుంచి కోళ్ళ వెనకాల నడిచాం. కూరగాయల బండామె ఆగి, "ఏం పారేసుకున్నారు పెద్దాయనా?" అని అడిగింది. పరువు, అన్నాను. మధ్యాహ్నానికి చెరో ఆరు సీసాలూ నిండాయి. ఆయనింట్లో ఫ్రిజ్ లేదు. నీలం మూత సీసాలు గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇవి కూడా మీరే పంపేయండి బావగారూ, ఇలాంటివి మీకైతే తెలుస్తాయి" అన్నారు.

అంతకు ముందురోజే మీ అమ్మమ్మ ఒక వార్త మోసుకొచ్చింది. నువ్వు ఆయనకు రాసిన ఉత్తరంలో, "తాతయ్యా, నాకెందుకో మీ కోళ్ళే నెగ్గుతాయనిపిస్తోంది" అని ఉందట. పరీక్ష పెట్టకముందే మార్కులు వేశావన్నమాట! కడుపులో చిచ్చు రేగింది. నా కడుపులో మంచి బాక్టీరియా ఏవైనా ఉంటే ఆ మంటకి ఆ పూటే మాడిపోయి ఉంటాయి.

ఫ్రిజ్ తలుపు తీశాను. మూతలు విప్పాను. ఎర్ర మూతలు ఆయన సీసాలకి, నీలం మూతలు నా సీసాలకి బిగించాను. పేర్లు మూతల మీదే రాశావు, సీసాల మీద రాయలేదు. ఇకమీదట సీసా మీద కూడా రాస్తూ ఉండు, లోకంలో తాతలుంటారు. పన్నెండు మూతలు, రెండు నిమిషాల పని. వంటింట్లోంచి మీ అమ్మమ్మ, "ఏం చేస్తున్నారండీ అక్కడ?" అంది. "మంచినీళ్ళు తాగుతున్నానే." "ఇంతసేపా?" "దాహం ఎక్కువగా ఉంది."

అదీ సంగతి. ఆ పట్నం నాది కాదమ్మా. ఆ పాడుబడ్డ వీధి నాది.

కోడి రెట్టే కదా, ఎవరిదైతే ఏమిటి, ఒక్కసారైనా పిల్ల నోట నా కోళ్ళ పేరు వస్తే చాలు అనుకున్నాను. నువ్వు దాన్ని పిల్లల నోట్లో వేస్తావని నాకు తెలియదు. తెలిసే సరికి నా ఫొటో గోడకెక్కేదాకా వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తాతయ్యకు చెప్పకు అన్నావు కదా, చెప్పకుండా రెండు గంటలు ఆగాను. అంతకంటే నా వల్ల కాలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వీధి దాటి, "బావగారూ, మీ నారింజ సొనల సంగతి తేలిపోయిందండోయ్" అన్నాను. మొత్తం చదివి వినిపించాను. బావగారు మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేశారు.

"పిల్లే రాసిందా అలా?"

"ఆ. ముత్యాల్లాంటి అక్షరాలతో."

ఆయన మిషను మీద కూర్చున్న కోడిని మెల్లగా దింపి కింద పెట్టారు. నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అది నాకు నెల తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

మర్నాడు మీ అమ్మమ్మ గిన్నెతో వెళితే, "వద్దు చెల్లెమ్మా, వీటి కడుపు మంచిది కాదట, పిల్ల పరీక్ష చేసింది" అని ఉత్త గిన్నె పంపారు. నీకు ఉత్తరం రాయడం మానేశారు. నువ్వు, "తాతయ్య ఎందుకు రాయట్లేదు?" అని అడిగావు కదా, ఇందుకే. పోయిన వారం కోళ్ళ వ్యాపారిని పిలిచి పదకొండూ ఇచ్చేస్తానని చెప్పారు. మీ నానమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో చప్పుడంటే మిషనూ, ఆ కోళ్ళూ. నేను కంగారుపడి ఎందుకు బావగారూ అని అడిగాను. ఏమన్నారో తెలుసా? "రోగం కోళ్ళను ఎదురుగా పెట్టుకుని మీ నలభై కోళ్ళకు అంటించమంటారా బావగారూ? అందులోనూ పిల్ల ఎంచుకున్న కోళ్ళు."

నా కోళ్ళ కోసం ఆయన కోళ్ళను అమ్ముకుంటున్నారు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. "అంతేలెండి" అని వచ్చేశాను. ఈ ముక్క రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ, రాస్తున్నాను.

నిన్న పొద్దున వ్యాపారి వచ్చాడు. రెండు ప్లాస్టిక్ బుట్టలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. నేను ఇటు కిటికీలోంచి చూస్తున్నాను. మొదటి కోడిని కాళ్ళు పట్టుకుని ఎత్తాడు. అది అరవలేదు, బావగారి వైపు చూసింది. ఆయన అటు తిరిగి ఎవరిదో చొక్కాకి గుండీ కుడుతున్నారు. నీ రెండు వందల పిల్లలు, ఈ పదకొండు కోళ్ళు, మధ్యలో నేను. కుడి మోకాలు అలక మర్చిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"ఆగవయ్యా, దించు దాన్ని!"

"ఏం పెద్దాయనా, మీక్కావాలా? బేరం అయిపోయింది" అన్నాడు వ్యాపారి.

"బావగారూ, వాటికి రోగం లేదు. ఆ పాడుబడ్డ వీధి నా కోళ్ళది. పిల్లకి పంపిన రెట్ట సీసాల మూతలు నేనే మార్చాను."

బావగారు గుండీ సగంలో ఆపారు. వ్యాపారికే ముందు అర్థమైంది. "అంటే వీళ్ళ కోళ్ళ రెట్టని మీ కోళ్ళదని చెప్పి పంపారా?" అన్నాడు. అవునన్నాను. "ముప్పై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను పెద్దాయనా. కోళ్ళ దొంగల్ని చూశాను, గుడ్ల దొంగల్ని చూశాను. రెట్ట దొంగని ఇదే చూడటం" అని, కోడిని దించి బుట్టలు తీసుకుని వెళ్ళిపోయాడు. మామూలుగా అయితే ఆ మాటకి నేనే అందరికంటే ముందు నవ్వేవాణ్ణి.

"ఎందుకండీ?" అన్నారు బావగారు.

"ఏడుపు బావగారూ. మీ మీద."

"నా మీదా? నా దగ్గర ఏముందని?"

"పిల్ల ఉంది" అన్నాను.

ఆయన లేచారు. ఈ మనిషికి కోపం రాదని రాశాను కదా, వచ్చింది. నా ముప్పై ఏళ్ళ ముచ్చట తీరింది గానీ, చూడటానికి బాగోలేదు. గొంతు పెంచలేదు. "నెల రోజులు. మీ పుంజు కూస్తే చెవుల్లో దూది పెట్టుకున్నాను. మీ ఇంటి వైపు కిటికీ మూసేశాను. పిల్ల మిమ్మల్ని ఎంచుకుందని నాలో నేను కుమిలిపోయాను. నా జన్మలో ఒకరిని చూసి ఏడవలేదు. అదీ మీరే నేర్పారు."

సిగ్గేసింది. నీకు అబద్ధం చెప్పనని కూర్చున్నాను కాబట్టి ఇంకోటి కూడా చెప్తాను. సిగ్గుతో పాటు కాస్త సంతోషం కూడా వేసింది. నన్ను చూసి ఒక మనిషి అసూయపడ్డాడు! దొంగసొత్తే, అయినా నాలుక్కి తియ్యగానే తగిలింది. వెంటనే చేదెక్కింది, అది వేరే సంగతి.

మూడు కోళ్ళు కావాలి బావగారూ, ఎల్లుండి బండి వస్తోంది, పిల్ల చదువు పాడైపోతుంది అన్నాను. "పిల్ల కోసం ఇస్తాను. కానీ జరిగింది పిల్లకి మీరు మీ చేత్తో రాయండి. నోటితో వద్దు. నోటితో అయితే నవ్వించి తప్పించుకుంటారు" అన్నారు. నాకు స్టూలు వెయ్యలేదు. బావగారూ అని కూడా అనలేదు. తలుపు దగ్గరికి వేశారు.

ఈ మధ్యాహ్నం మూడు కోళ్ళను పంజరంలో పెట్టి మా అరుగు మీద ఉంచి, మీ అమ్మమ్మతోనే మాట్లాడి వెళ్ళారు. చీటీ నేనే రాశాను, ఇవి కత్తెర తాతయ్య కోళ్ళు అని, పంజరానికి ఒకటి, మూడు కోళ్ళ కాళ్ళకీ మూడు. రాశాక ఏం చేశానో అదీ విను. షెడ్డులోకి వెళ్ళి నా చుక్కల కోడిని చంకలో పెట్టుకుని పంజరం దాకా వచ్చాను. మూడింటిలో ఒక్కటి నాది ఉంటే ఏం కొంప మునుగుతుంది అనిపించింది. పంజరం తలుపు మీద చెయ్యి కూడా వేశాను. లోపల ఆయన కోడి ఒకటి నా వేలు పొడిచింది. నా కోడిని తీసుకుపోయి షెడ్డులో వదిలేశాను. కాబట్టి నమ్మకంగా తీసుకో, మూడూ ఆయనవే. తెల్లపొడి డబ్బా కూడా బండిలోనే పంపుతున్నాను, దగ్గరుంటే మళ్ళీ కలుపుతాను. నా నలభై కోళ్ళను ఎలా బాగుచెయ్యాలో వీలున్నప్పుడు రాయి, తొందరేం లేదు.

మీ మేడంకి నిజం చెప్పు. నీ తప్పు లేదనీ, తాత తప్పనీ చెప్పు. కాగితాల్లో ఎక్కడెక్కడ ఎర్ర మూత అని రాసుకున్నావో అక్కడల్లా ఆయన పేరు రాయి. ముందు ఆయనకు ఉత్తరం రాయి, ఇవాళే రాయి, నెల రోజులు ఎదురుచూశారు. అందులో నా ఊసెత్తకు. నా కోసం క్షమించమని ఆయన్ని బతిమాలకు, ఆ పని నేను చేసుకుంటాను, ఇల్లు ఎదురుగానే ఉంది.

తర్వాత నన్ను తిట్టు. ఎన్ని తిట్టినా పడతాను. ఒక్కటే కోరిక. ఇద్దరు తాతలకీ కలిపి ఒకే ఉత్తరం రాసి పారెయ్యకు. నా తిట్లు నాకు విడిగా, నా పేరున పంపించు. వాటిలో మాత్రం ఆయనకు వాటా ఇవ్వను.

ఇట్లు,
నీ కత్తెర తాతయ్య ఎదురింటి తాత